పులుసు వైపు నమాజు

రువైదా పెళ్ళికి అడ్డంపడ్డది కుర్రాడి జీతమూ కాదు, పలచబడుతున్న జుట్టూ కాదు, దేవుడు. పోనీ ఆయన ఉన్నాడా లేడా అని కూడా కాదు తగువు. ఉన్నాడనే ఇద్దరూ అన్నారు. ఆ సంగతి మనిషికి ఎలా తెలిసిందన్న దగ్గర, కాబోయే మామా అల్లుళ్ళు పంతాలకి పోయారు. వాళ్ళ పంతాల మధ్య కాఫీ చల్లారిపోతుంటే రువైదా తల్లి ఇన్సాఫ్ దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టుకొచ్చింది.

మామ కావలసిన నాయిఫ్ మాస్టారు ఉద్యోగమంతా అమ్మాన్ బడుల్లో మతపాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో మాత్రం ఇంకా రిటైరవలేదు. అల్లుడు కావలసిన ఖుతైబా యూనివర్సిటీలో తత్వశాస్త్రం చెబుతాడు. రువైదా పనిచేసే మందుల షాపుకి తలనొప్పి మాత్రల కోసం వస్తుండేవాడు. ఆ చదువు చదివినవాడికి తలనొప్పి రావడం సహజమే కనక చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు.

ఇంటికొచ్చిన మొదటిరోజే అతను నోరు జారాడు. ఒక దీవిలో ఒంటరిగా పుట్టి పెరిగిన మనిషైనా సరే, ఎవరూ ఏమీ చెప్పకపోయినా, చుక్కల్నీ చీమల్నీ చూసి కాస్త బుర్ర పెట్టి ఆలోచిస్తే, వీటిని చేసినవాడొకడున్నాడని తెలుసుకుంటాడన్నాడు. మరైతే ప్రవక్తలందరూ వేడుక చూడ్డానికి వచ్చారా అని మాస్టారు అడిగారు. నీ దీవిలో మనిషి కొబ్బరికాయకి మొక్కుతాడన్నారు. మొక్కితే మొక్కుతాడు, ఆకలేసిననాడు పగలగొట్టుకు తింటాడు కదా, ఇది దేవుడు కాదని అప్పుడే తేలిపోతుందన్నాడు కుర్రాడు. ఇబ్రాహీం మాత్రం చుక్కనీ చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ చూసి, అస్తమించేవి దేవుళ్ళు కావని తేల్చుకోలేదా అన్నాడు.

"ఆయన ప్రవక్త నాయనా. నువ్వు లెక్చరర్‌వి," అన్నారు మాస్టారు.

ఇరువైపుల వాళ్ళూ అరచేతులు చాపి, ఖురాన్ మొదటి అధ్యాయం ఫాతిహా చదివితే సంబంధం ఖాయమైనట్టు. ఆ రోజు చదవలేదు. తరవాతా చదవలేదు. ఈలోగా రువైదా ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ కూనిరాగం తీయడం ఇన్సాఫ్ చెవిన పడింది. ముప్పై దాటిన తన కూతురు, గడువు తేదీ దాటిన మందుల గురించి తప్ప దేని గురించీ ఉత్సాహంగా మాట్లాడని పిల్ల, పాడుతోంది. ఈ సంబంధం వదలకూడదని ఇన్సాఫ్ ఆ క్షణంలోనే అనుకుంది. కుర్రాడికి తండ్రి లేడు, తల్లి మోకాళ్ళ నొప్పులతో కదల్లేదు. కనక ఒప్పించవలసిన ముసలాడు ఒక్కడే, వాడూ తన ఇంట్లోనే ఉన్నాడు.

ఆమె నూరిపోయగా పోయగా మాస్టారు ఓ మెట్టు దిగారు. వానలు బాగా పడ్డాయి, తూర్పు ఎడారిలో నేల కింద పుట్టగొడుగుల్లా పుట్టే కమా దుంపలు తవ్వడానికి వెళ్దాం, కుర్రాణ్ణి కూడా రమ్మను, ఆరుబయట మనిషి అసలు రంగు తెలుస్తుంది అన్నారు.

నలుగురూ మాస్టారి కారులో బయల్దేరారు. మధ్యాహ్నం నమాజు దారిలో పెట్రోలు బంకు పక్కన మసీదులో కానిచ్చేశారు. అజ్రఖ్ దాటాక, నల్లరాళ్ళ మధ్య మెలికలు తిరిగే బాటలో అలవాటైన చోటికి చేరేసరికి ఆకాశం తడిపిన గొంగళిలా కమ్మేసింది. సూర్యుడు ఎటున్నాడో ఆయనకే తెలియాలి.

మగవాళ్ళిద్దరూ వంగి నేల వెతికారు. విత్తనం లేదు, నాటిందీ లేదు, ఉరుముకి పుడుతుంది కమా, దీనికి నీ బుద్ధి ఏం చెబుతుందని మాస్టారు అడగడం, పుట్టడానికి ఉరుముతో పనిలేదని ఖుతైబా చెప్పడం ఇన్సాఫ్‌కి వినబడుతూనే ఉంది. ఆమె ఇనప ముక్కాలిపీట మీద గిన్నె పెట్టి మన్సఫ్ మొదలుపెట్టింది. ఎండబెట్టిన పెరుగుగడ్డలు కరిగించిన పులుసులో మేకమాంసం ఉడకాలి. పొంగు వచ్చేదాకా ఒకే వైపు తిప్పుతూ ఉండాలి, చెయ్యి ఆపితే విరుగుతుంది. ఆ వంటలో మనిషి బుద్ధి చెయ్యగలిగింది ఏమీ లేదు, భుజం నొప్పెట్టడమే.

పొద్దు వాలేటప్పుడు చేసే అసర్ నమాజు వేళయింది. మక్కా ఎటు?

ఖుతైబా జేబులోంచి ఫోన్ తీశాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అది లోపల పెట్టు. అది పైనుంచి వచ్చే కబురు. ఎక్కడో ఆకాశంలో ఉన్నది చెబుతుంది, నువ్వు కింద నిలబడి నమ్ముతావు. అది నా పద్ధతి. నీకు బుద్ధి ఉంది కదా?"

"ఉంది ఉస్తాద్."

"దేవుణ్ణే కనిపెట్టగలిగినవాడివి, ఆయన ఇంటికి దారి కనిపెట్టలేవా? ఇదిగో ఎడారి, ఇదిగో నీ బుర్ర. దిక్కు సరిగ్గా చెప్పావా, ఇవాళే ఫాతిహా. చెప్పలేకపోయావా, నీ దీవి నువ్వు పట్టుకుని వెళ్ళిపో."

రువైదా గరిటె కోసం చెయ్యి చాపి వేడి గిన్నె పట్టుకుంది. ఇన్సాఫ్‌కి బెంగ పట్టుకుంది. అది కుర్రాడి గురించి కొంత. మిగతాది రాళ్ళ గురించి.

ఆ రాళ్ళు పోయినేడు మాస్టారు పేర్చినవి. దిక్సూచి పెట్టి చూసి, తెల్లరాళ్ళు ఏరి, వరసగా ఒక గీతలా పరిచి, గీత మధ్యలో మక్కా వైపు మూడు రాళ్ళు ముందుకి పొడుచుకొచ్చేలా పెట్టారు. దారిన పోయే కాపర్లు అది చూసి నమాజు చేసుకుంటారు, నాకు పుణ్యం అన్నారు. ఆయన పుణ్యం కట్టుకుని కమాల కోసం వెళ్ళగానే ఇన్సాఫ్‌కి పొయ్యికి రాళ్ళు కావలసొచ్చాయి. నల్లరాళ్ళు మంటకి పగులుతాయని ఆ మూడూ తీసుకుంది. వండాక, మసి కనబడకుండా బోర్లించి, మళ్ళీ అందంగా పెట్టేసింది. గీతకి ఏ వైపునుంచి తీసిందో మాత్రం గుర్తు రాలేదు. ఇటో అటో. అందుకే ఈ ఏడు ముక్కాలిపీట తెచ్చుకుంది.

ఇప్పుడు మాస్టారు ధీమాగా వెళ్ళి ఆ రాళ్ళ ముందు నిలబడ్డారు. ఆయనకి వెతుకులాట అక్కర్లేదు. పెద్దలు పెట్టిన గుర్తు ఉంది, ఆ పెద్ద కూడా తనే.

ఖుతైబా మాత్రం చెమటలు కక్కుతూ తిరిగాడు. పొదల దగ్గర కూర్చున్నాడు, లేచాడు. ఇక్కడ గాలి పడమటినుంచి వీస్తుంది కనక పొదలన్నీ తూర్పుకి వంగి ఉండాలి, వంగినవైపు తూర్పైతే దక్షిణం ఇటు, మక్కా దక్షిణానికి రవంత తూర్పుగా అని లెక్కగట్టి ఒక వైపు చూపించాడు. అది మాస్టారి వైపు కాదు.

ఎవరి వెనక ఎవరు నిలబడాలన్న ప్రశ్న లేదు. ఆలోచించి ఒక దిక్కు తేల్చుకున్నవాడు ఇంకొకడి దిక్కుకి తిరగకూడదు. సొంతంగా తేల్చుకోలేనివాళ్ళు ఎవరి మీద నమ్మకం ఎక్కువుంటే వాళ్ళ వెనక నిలబడాలి. మాస్టారే తరగతి తరవాత తరగతికి నేర్పిన నియమం ఇది. ఆ నియమం ఇప్పుడు రువైదా వైపు చూసింది. నాన్న వెనకా, ఖుతైబా వెనకా?

"నాకివాళ సెలవు," అంది రువైదా తల వంచుకుని.

నెలకోసారి ఆడవాళ్ళకి దేవుడే ఇచ్చే సెలవు అది, అడ్డు చెప్పేవాడు లేడు. ఆ సెలవు పోయిన వారమే అయిపోయిందని ఇన్సాఫ్‌కి తెలుసు. ఆమె ఆ వయసు దాటి చాలాకాలమైంది కనక ఆమెకా దారి లేదు. భర్త వెనక నిలబడదామంటే, ఆ రాళ్ళ సంగతి లోకంలో తనొక్కదానికే తెలుసు. కుర్రాడి వెనక నిలబడితే సాయంత్రానికి పెళ్ళి కాదు, విడాకులవుతాయి. గరిటె రువైదా చేతికిచ్చింది గాని, పిల్ల చూపు పులుసు మీద లేదు. అందుకని ఇన్సాఫ్ ఇంకేమీ ఆలోచించకుండా గిన్నె కనబడేలా తిరిగి నిలబడింది.

"అదేంటి ఉమ్ రువైదా, అటెందుకు?" అన్నారు మాస్టారు. రువైదా తల్లీ అని పిలవడం ఆయనకి అలవాటు.

"పులుసు విరుగుతుంది."

మాస్టారు గిన్నె వైపు చూసి, మళ్ళీ తన రాళ్ళ వైపు తిరిగారు. వేళ మించిపోతోందని ఆయనా నమాజు మొదలుపెట్టారు. అలా ఎడారి నడుమ ముగ్గురు మనుషులు, ఒకే దేవుడికి, మూడు వైపులకి వంగి లేచారు.

సలాం చెప్పి తలలు తిప్పుతుండగా మబ్బు చీలింది. ఎండ సరాసరి ఖుతైబా మొహాన కొట్టింది. అతను మక్కా అనుకుని నిండు పడమటికి మొక్కాడు. లేచి వెళ్ళి పొదని మళ్ళీ చూశాడు. అది వంగలేదు, ఒక పక్కంతా ఒంటెలు మేసేశాయి. అతని ప్రకృతి పాఠాన్ని ఒంటె నమిలేసిందన్నమాట. మాస్టారి నవ్వు మొదలై సగంలో ఆగిపోయింది. ఎండ ఆయన ఎడమ చెంప మీద పడుతోంది. అసర్ వేళ మక్కా వైపు తిరిగిన మనిషికి కుడి చెంప కాలాలి. ఆయన మక్కాకి వీపు పెట్టి నమాజు చేశారు.

"నా చేత్తో పెట్టాను," అన్నారు మెల్లిగా. "దిక్సూచి చూసి పెట్టాను." ఆయన గొంతులో అంత దిగులు ఇన్సాఫ్ ఎప్పుడూ వినలేదు.

ఖుతైబా వచ్చి రాళ్ళ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒకటి ఎత్తి అడుగు చూశాడు. ముక్కాలిపీట వైపు చూశాడు. తరవాత ఇన్సాఫ్ వైపు. ఆమె అతని వైపే చూస్తోంది. అతను రాయిని ఎలా ఉన్నదలా బోర్లించేశాడు.

"గొర్రెలు తోసి ఉంటాయి ఉస్తాద్."

"గొర్రెలా? తోస్తే చెల్లాచెదురవ్వాలి. పెద్దది మధ్యలో, చిన్నవి అటొకటి ఇటొకటి, ఎడం కూడా సమానం. ఇంత పొందిక దానంతటదే వచ్చిందంటావా? నువ్వు, ఆ మాటంటావా?"

ఖుతైబా చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు. "అప్పుడప్పుడూ వస్తుంది ఉస్తాద్. కాకతాళీయంగా."

ఇన్సాఫ్ పెద్దగా తర్కం చదువుకోలేదు గాని, అతను ఏం వదులుకున్నాడో ఆమెకి అర్థమైంది. చుక్కలు, చీమలు, దీవి, అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి. దేవుడున్నాడనడానికి తన దగ్గరున్న ఏకైక రుజువుని కుర్రాడు కాబోయే అత్తగారి కోసం ఎడారిలో పారేశాడు.

మాస్టారు ఊరుకోలేదు. కూర్చుని తనూ ఒక రాయి ఎత్తారు. మసి. ఇంకొకటి ఎత్తారు. మసి. వేలితో రాసి వాసన చూశారు. లేచి వేలిని రుమాలుకి తుడుచుకున్నారు.

"పెట్టినవాళ్ళు ఒకరున్నారు," అన్నారు చివరికి. "అది రాయి చూస్తేనే తెలుస్తోంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఒప్పుకుంటున్నాను. కానీ ఎవరో, ఏమనుకుని పెట్టారో రాయి చెప్పదు. అది వాళ్ళంతట వాళ్ళు నోరు విప్పితేనే."

అని ఎవరి వైపూ చూడకుండా ఆగారు. ఆ ఆగడం ఇన్సాఫ్‌కి బాగా తెలుసు. అది పిల్లాడు లేచి నిలబడేదాకా క్లాసంతటినీ కూర్చోబెట్టే ఆగడం.

"నేనే," అంది. "పొయ్యికి తీశాను. తిరిగి పెట్టేటప్పుడు ఏ వైపో మర్చిపోయాను."

"ఏడాది! ఎంతమంది కాపర్లు దమాస్కస్ వైపు మొక్కారో."

"వెతికి నిలబడినవాళ్ళది తప్పినా చెల్లుతుందని మీరే అనేవారు."

మాస్టారు ఖుతైబా వైపు తిరిగారు. "నీకు ముందే తెలిసింది."

"ఊహించాను."

"ఊహించి, నాతో కాకతాళీయం అన్నావు."

"ఖాలా నా వైపే చూస్తున్నారు ఉస్తాద్," అన్నాడు ఖుతైబా, ఇన్సాఫ్‌ని పిన్ని వరస కలుపుతూ.

మాస్టారి మీసం కదిలింది. నీ బుద్ధి మక్కా దాకా పోలేకపోయినా పొయ్యి దాకా వచ్చింది, నాదీ అంతవరకే వచ్చింది, కాపరానికి అది చాలు అన్నారు. అని, ఎటు తిరగాలో తోచక అటూ ఇటూ చూశారు.

"ఫాతిహాకి దిక్కుతో పనిలేదు," అంది ఇన్సాఫ్. "చేతులు చాపండి."

చదివారు. చదవడం అయ్యాక రువైదా గరిటె సంగతి గుర్తొచ్చి గిన్నెలోకి చూసింది. పులుసు నీళ్ళు వేరు, తరకలు వేరు అయి కూర్చుంది.

"అన్నట్టు ఉమ్ రువైదా," అన్నారు మాస్టారు, ఇప్పుడు ఆయన గొంతు మళ్ళీ క్లాసు గొంతు. "మేమిద్దరం వెతికి తప్పాం, మాది చెల్లింది. నీ ఎండ కుడి చెంప మీద పడింది, చూశాను. మన ముగ్గురిలో సరైన దిక్కు నీదొక్కటే. వెతక్కుండా, గిన్నె చూసుకుని నిలబడ్డావు కనక చెల్లనిదీ నీదొక్కటే. మళ్ళీ చెయ్యి."

విరిగిన పులుసు వైపు ఒకసారి చూసి ఇన్సాఫ్ లేచింది. మాస్టారు స్వయంగా మూడు రాళ్ళూ గీతకి అవతలి వైపు మార్చి పెట్టారు. ఆమె దుపట్టా సర్దుకుని నిలబడేసరికి పక్కన ఇంకో నీడ పడింది. రువైదా. సెలవు ముగిసినట్టుంది.

మాస్టారు కూతుర్నీ చూశారు, నీడనీ చూశారు. ఆయనకి బుర్ర లేకపోలేదు. కానీ తనంతట తాను నోరు విప్పి ఎవరూ ఏమీ చెప్పలేదు కనక, ఆకాశం వైపు తిరిగి, మబ్బు బాగా విడిపోయిందని ఖుతైబాతో అన్నారు.