డెబ్బై అయిదు తర్వాత

"కూడికలయ్యాయా?" అని మా ఆయన అడిగేసరికి నేను మినప్పప్పు రుబ్బుతున్నాను. పిండి చేతులు తగిలితే కాగితాలు పాడవుతాయని ఆయన బాధ. ఆ పిండి ఎవరు రుబ్బాలన్న బాధ లేదు.

బాపట్లలో వరి పరిశోధన ఆయనది, లెక్కలు నావి. యూరియా ఎకరానికి పాతిక కిలోలేస్తే పదిహేను బస్తాలు, యాభైకి పద్దెనిమిది, డెబ్బై అయిదుకి ఇరవై ఒకటి. నాట్లకి ముందు గళ్ల కాగితం మీద నేను పెట్టిన మూడు చుక్కలూ ఒకే వరసలో పడ్డాయి. ఆయన స్కేలు పెట్టి గీత లాగారు. డెబ్బై అయిదు దగ్గర ఆగలేదు. రెండొందల దాకా లాగి "ముప్పై ఆరు బస్తాలు" అన్నారు.

"డెబ్బై అయిదు దాటాక మనం ఒక్క మడీ కోయలేదు కదండీ. అక్కడేం జరుగుతుందో ఎట్లా తెలుస్తుంది?"

"నువ్వు కూడు, సామ్రాజ్యం. ఆలోచించడానికి నేనున్నాను."

ఆ రెండొందల కిలోలూ భట్టిప్రోలులో మా అమ్మ పసుపుకుంకాల కింద నాకిచ్చిన ఎకరంలో పోయించారు. నన్నడగలేదు. "దాన్నడిగేదేంటిరా, పదకొండేళ్లలో కాదన్న మాటుందా?" అంది అత్తయ్య. నిజమే, లేదు. పురుడైన నెలలోపే రుబ్బింది, జ్వరంలో రుబ్బదా అన్నారు. రుబ్బాను. జ్వరంలో రుబ్బింది, ఆఫీసు లెక్కలు చేయదా అన్నారు. చేశాను. నన్ను కూడా స్కేలు పెట్టే లాగారు.

చేను నల్లగా, నడుమెత్తు ఎదిగింది. ఒక్క గాలికి చాపలా పడుకుంది. మిగిలింది అగ్గితెగులు తినేసింది. కౌలుకి చేసే సుందరయ్య ఆ కబురు చెప్పడానికి ఇవాళ పొద్దున బస్సెక్కి వచ్చాడు. "ఏడు బస్తాలమ్మా. గడ్డి గొడ్లు కూడా ముట్టట్లేదు" అని తలొంచుకుని, తిరుగు బస్సుకి వెళ్లిపోయాడు.

"ఆ ఏడు బస్తాలూ కాగితం మీద పెట్టకు, గాలివల్ల పోయింది" అంటున్నారు మా ఆయన. "వచ్చే సార్వా పంటకి నీ ఎకరంలోనే రెండొందల యాభై వేయిద్దాం."

చేతులు కడుక్కున్నాను. రెండొందల దగ్గర, అడుగున, ఏడు బస్తాల చుక్క సిరాతో పెట్టాను. ఒక పోస్టుకార్డు తీసి రాశాను: "సుందరయ్యా, నేను చెబితే తప్ప నా చేలో పిడికెడు యూరియా పడకూడదు."

రోట్లో పప్పు సగమే నలిగింది.

"రేపు ఇడ్లీయేగా?" అన్నారాయన, కాగితం చూడకుండానే.

"ఇవాళ్టి దాకా రుబ్బానండీ. రేపటి సంగతి మీకెట్లా తెలుసు?" అని, కార్డు డబ్బాలో వేయడానికి చెప్పులేసుకున్నాను.