కంటి మీద మూత

మా ఆయన గడియారాలు బాగుచేస్తారు. చిన్నప్పటి సోడాబుడ్డి కళ్లద్దాలు వదిలించుకోవాలని మొన్న సోమవారం లేజర్ ఆపరేషన్ చేయించుకున్నారు. వద్దని మొత్తుకున్నాను, వింటేగా!

మర్నాటికే చూపు బ్రహ్మాండంగా వచ్చింది. ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలకున్న క్లిప్పులు లెక్కపెట్టి మరీ నాకు వినిపించారు.

ఆ రోజు చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. "కంటి మీది పల్చటి పొరను మూతలా లేపి మళ్లీ పరిచాం. అది కుదురుకునేదాకా కన్ను నలపకూడదు, నొక్కకూడదు. పొర జరిగితే కష్టం" అని రెండుసార్లు చెప్పింది. నిద్రలో నలుపుకోకుండా కళ్లకు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ డిప్పలు ఇచ్చింది. అవి నేనే అతికించేదాన్ని. నిద్రలో ఆయన చేయి కదిలితే చాలు, లేచి పట్టుకునేదాన్ని.

నాలుగో రోజు, "ఊరికే కూర్చుంటానే, పని ముట్టుకోను" అంటూ కొట్టు తెరిచారు. నమ్మకం లేక నేనూ వెంట వెళ్లాను. ఎవరో పాత వాచీ తెచ్చి బల్ల మీద పెట్టారు. ఈయన దాని వెనక మూత ఊడదీశారు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, చేయి దానంతటదే సొరుగులోకి పోయింది. పొట్టి గొట్టంలా ఉండే భూతద్దాన్ని కుడికంటి గుంటలో దూర్చి, కనుబొమతో గట్టిగా బిగించారు.

"ఏమండీ!" అని అరిచాను.

భూతద్దం బల్ల మీద పడింది. ఆయన ఎడమకంటికి అరచేయి అడ్డం పెట్టుకుని, గోడ నిండా వేలాడుతున్న గడియారాలకేసి చాలాసేపు చూశారు.

"టైమెంతయిందే?" అని మెల్లగా అడిగారు.