పెళ్ళిపెద్ద చెవిన పడ్డ మాట

లింబికాని పని నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మళ్ళీ బయటికి నడిచాడంటే అది గురువారమేనని ఎస్నాత్‌కి తెలిసిపోయేది. మొక్కజొన్న పిండి న్సిమా కలుపుతున్న గరిటె చేతిలోనే పట్టుకుని గుమ్మం దాకా వచ్చి చూసేది. కొడుకు సందు చివర మలుపు తిరిగి ఏసు గుడి వైపు పోయేవాడు. గుడికే కదా, మంచిదేగా అని ఏ తల్లయినా సరిపెట్టుకుంటుంది. ఎస్నాత్ వల్ల కాలేదు. గుడికి పోయేవాడు ఫోను ఇంకొకరికి అప్పజెప్పడం దేనికి?

మంచి ఫోను అది. ఫ్రిజ్‌లు బాగుచేసే షాపులో చేరిన కొత్తలో ముచ్చటపడి కొనుక్కున్నాడు. ఇప్పుడు జేబులో బటన్ల ఫోనొకటి వేసుకుని తిరుగుతున్నాడు.

"నీ ఫోనేదిరా?" అని అడిగింది ఒకసారి.

"ఫానుయెల్ అన్న దగ్గరుందమ్మా."

ఫానుయెల్ అంటే గుడిలో డీకన్, ప్రైమరీ బడిలో టీచరు.

"ఆయన దగ్గరెందుకు? ఆయనకి ఫోను లేదా?"

"ఉండనీలేమ్మా."

అంతే. ఆ 'ఉండనీలే' ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. కొడుకు చొక్కాలు ఉతికే ముందు వాసన చూసింది. ప్యాంటు జేబులు తిరగేసింది. మాత్రలుంటాయేమో అని పరుపు కింద వెతికింది. ఏమీ దొరకలేదు. దొరకకపోవడంతో భయం ఇంకా పెరిగింది. వాడు చిక్కిపోయాడు. ఉసిపా చేపల పులుసంటే ప్రాణం పెట్టేవాడు రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకుంటున్నాడు. ఆమె చెల్లెలి మొగుడు కూడా అచ్చం ఇలాగే మొదలెట్టాడు. ముందు అన్నం మానేశాడు, తర్వాత మాట మానేశాడు. ఆ తర్వాత మట్టిలోకి పోయాడు.

వచ్చే శనివారమే కోళ్ళ మార్పు. మగపెళ్ళివారి పుంజూ ఆడపెళ్ళివారి పెట్టా చేతులు మారాయంటే లింబికాని, తడాలా మొగుడూ పెళ్ళాలైనట్టే లెక్క. గుడిలో ఉంగరాలు తర్వాతి సంగతి. ఇరువైపులా మేనమామలే పెళ్ళిపెద్దలు. పిల్లా పిల్లాడూ నోరు విప్పరు, ఏ మాటైనా పెద్దల నోటి గుండానే పోవాలి, రావాలి. పిండి ఆడించాలి, బంధువుల ఆడవాళ్ళందరికీ ఒకే రకం గుడ్డ తీయాలి. ఈ పన్లన్నిటి మధ్య ఎస్నాత్ మనసు మాత్రం ఆ ఫోను చుట్టూనే గింగిరాలు కొట్టింది.

చివరికి ఆ గురువారం చీపురు పట్టుకుని గుడికి బయల్దేరింది. ఊడ్చే వంతు ఆమెది కాదు, అయినా గుడి ఆడవాళ్ళ సమాజం బట్టలు కట్టుకుని చీపురుతో కనబడిన మనిషిని ఎవరు అడుగుతారు? గుడి వెనక గది కిటికీ కింద ఊడ్చిన చోటే ఊడుస్తూ నిలబడింది.

లోపల ఎవరో మగమనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. మగాళ్ళు ఏడుస్తున్నారంటే చావు కబురైనా అయ్యుండాలి, అంతకంటే పెద్దదైనా అయ్యుండాలి. తర్వాత కొడుకు గొంతు వినబడింది.

"శనివారం దగ్గరికొచ్చేసిందన్నా. తడాలాకి చెబితే నన్ను చేసుకోదు. చెప్పకపోతే ఆ పిల్లని మోసం చేసినట్టే."

"అమ్మకి చెప్పావా?" ఫానుయెల్ గొంతు.

"మా అమ్మకా? మా అమ్మ చచ్చిపోతుందన్నా."

ఎస్నాత్ చీపురు అక్కడే పడేసింది. ఇంకేం కావాలి? అదే జబ్బు. చెల్లెలి మొగుణ్ణి మింగిన హెచ్.ఐ.వి. ఇప్పుడు తన కొడుకు ఒంట్లో దూరింది. ఇంటికి పోలేదు, తిన్నగా మినీబస్సెక్కి లింబే వెళ్ళి తమ్ముడు వైసన్ దగ్గర వాలింది. వైసన్ ఒక కొట్టు వరండాలో మిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంటాడు. ఆమె ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది.

వైసన్ కాలు మిషను మీదే ఆగిపోయింది.

"అక్కా, ఇది నాకు తమ్ముడికని చెప్పావా, పెళ్ళిపెద్దకని చెప్పావా?"

"ఎవరికని చెబితే ఏంట్రా? నా కొడుకు చచ్చిపోతున్నాడంటుంటే!"

"తేడా ఉందే తల్లీ. తమ్ముడికైతే కడుపులో దాచుకుంటాడు. పెళ్ళిపెద్ద దాచకూడదు. పుంజు నా చేతుల మీదుగా పోతుంది, నీ చేతుల మీదుగా కాదు. రేపు ఆ పిల్లకేమైనా అయితే నాంగ్వాలే వచ్చి నా పీక పట్టుకుంటాడు."

నాంగ్వాలే అంటే తడాలా మేనమామ.

"ఒరే, వాణ్ణి పిలిచి మెల్లగా అడుగుతావని వచ్చాన్రా, ఊరంతా దండోరా వేయమని కాదు!"

"ఊరికెందుకు చెబుతాను? ఒక్క నాంగ్వాలేకే."

"నాంగ్వాలే పెళ్ళాం నోరు తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాడు వైసన్ తల పట్టుకుని. "ఒక మాట ముందుగా అనుండాల్సింది నువ్వు. తమ్ముడూ, నిన్ను తమ్ముడిగానే అడుగుతున్నా అని. ఆ ఒక్క మాట అనకుండా ఏకంగా మీద పోసేశావు."

పెళ్ళీడు కొడుకున్న ఏ తల్లీ చెయ్యని తప్పు అది. చిన్నప్పట్నుంచీ చూస్తున్న పద్ధతే. భయం వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

మర్నాటికల్లా తడాలా వాళ్ళుండే చిలొమోని నుంచి కబురొచ్చింది. రక్తపరీక్ష కాగితం చూపించందే కోళ్ళు మారవట. ఆ కబురు లింబికానికి షాపులోనే అందింది. పని మధ్యలో వదిలేసి ఇంటికొచ్చాడు.

ఎస్నాత్ పెరట్లో వేరుశనగలు దంచుతోంది. రోకలి ఆపి కొడుకు మొహం చూసింది. ఇదివరకైతే వాడు చేసేదేమిటో ఆమెకి తెలుసు. కోపమొస్తే నోరు కుట్టేసుకుని గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. ఆ తలుపు ఎన్ని పూటలు తెరుచుకోదో ఎవరికీ తెలిసేది కాదు. తండ్రి పోయినప్పుడూ అంతే, ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు. గట్టి పిల్లాడని చుట్టాలందరూ మెచ్చుకున్నారు.

ఈసారి వాడు గది వైపు చూశాడు. రెండడుగులు వేశాడు కూడా. మళ్ళీ వెనక్కొచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"అమ్మా, నాకు నీ మీద చాలా కోపంగా ఉంది," అన్నాడు. "అరవను. లేచి పోను. కానీ కోపంగా ఉంది."

"కొట్టరా నన్ను, కొట్టు..."

"అలా అనకమ్మా. విను. నాకు జబ్బేమీ లేదు. గుడివాళ్ళు పెళ్ళికి ముందు అడుగుతారని ఎప్పుడో పరీక్ష చేయించుకున్నాను. కాగితం శుభ్రంగా ఉంది."

ఎస్నాత్ రోకలి వదిలేసి రెండు చేతులూ ఆకాశానికెత్తింది. అంతలోనే దించేసింది. "మరి ఆ ఏడుపులేంటి?"

వాడు వేరుశనగ పొట్టు వైపే చూస్తూ చెప్పాడు. ఫోన్లో బూతు వీడియోలు. పెద్దనాన్న కొడుకు చూపించాడు మొదట, బడిలో ఉండగా. నాన్న పోయాక అలవాటై కూర్చుంది. భయమేసినా, సిగ్గేసినా, ఆమె ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచకపోయినా, ఆ తలుపేసుకుని దాంట్లోకే పోయేవాడు. ప్రార్థన చేసి మానేసేవాడు, మళ్ళీ పడేవాడు. గురువారాల గదిలో ఉన్నవాళ్ళందరిదీ అదే గోల. ఒకళ్ళకొకళ్ళు దాచకుండా చెప్పుకుని, కలిసి ప్రార్థన చేసుకుంటారు.

ఎస్నాత్ మొహం తిప్పుకుంది. తన కొడుకు నోట ఈ మాటలు వినాల్సొచ్చిందే అని సిగ్గుతో చచ్చిపోయింది. ఆ వెనకే ఇంకో సంగతి తట్టింది. ఇన్నేళ్ళూ ఆ తలుపు ఇవతల కూర్చుని ఏడ్చింది తనే. ఆ ఆలోచనని గబుక్కున పక్కకి తోసేసింది.

"సరే నాయనా, కాగితం ఉందిగా! మామయ్య చేతికిచ్చెయ్. వాళ్ళు అడిగింది జబ్బు గురించి. లేదని తేలిపోతుంది. మిగతాది దేవుడికి చెప్పుకున్నావు, చాలు. ఇంకెవరికీ చెప్పక్కర్లేదు."

"తడాలాకి చెప్పాలి."

"నీకేమైనా పిచ్చా? ఏ ఆడపిల్ల ఊరుకుంటుంది? నా మాట విను, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"కాగితం అడ్డం పెట్టుకుంటే మళ్ళీ తలుపేసుకున్నట్టే అమ్మా." లేచి నిలబడ్డాడు. "శనివారం జనం ముందు ఆమెని తలదించుకోనివ్వను. ముందే వెళ్ళి చెబుతా. మామయ్యనీ రమ్మంటాను, పద్ధతి తప్పను."

ఆమె ఇంటి దగ్గర ఉండలేకపోయింది. వద్దంటున్నా వినకుండా కొడుకూ వైసన్‌ల వెంటే చిలొమోనికి బయల్దేరింది. మినీబస్సులో దారంతా గొణుగుతూనే ఉంది. ఆడపెళ్ళివారు కొడతారేమో, సంగతి గుడి దాకా పోతుందేమో, షాపు ఓనరుకి తెలిసిపోతుందేమో. వైసన్ ఒక్కసారి మాత్రం "అక్కా, కాస్త ఊపిరి తీసుకో" అన్నాడు.

నాంగ్వాలే ముందు గదిలో కూర్చోబెట్టారు. తడాలా లోపల్నుంచి వచ్చింది. ఎవరికో జడలు అల్లుతూ మధ్యలో లేచొచ్చిందేమో, వేళ్ళకింకా నూనె ఉంది. మేనమామ పక్కన చాప మీద కూర్చుంది.

వైసన్ కాగితం ఇచ్చాడు. నాంగ్వాలే కళ్ళజోడు పెట్టుకుని చూసి హమ్మయ్య అన్నాడు. ఎస్నాత్ మనసులో కొడుకుని బతిమాలుకుంది. ఇక్కడితో ఆగరా, నా తండ్రీ, ఇక్కడితో ఆగు.

లింబికాని ఆగలేదు. మామల అనుమతి అడిగి, పెరట్లో చెప్పిందంతా చెప్పాడు.

నాంగ్వాలే పడీ పడీ నవ్వాడు. "ఇంతేనా! ఓరి అబ్బాయ్, నేను శవపేటిక కొలతలు తీసుకోవాలేమో అనుకున్నా. పెళ్ళయితే అవన్నీ అవే పోతాయిలే."

"పోవు మామయ్యా. మా గదిలో పెళ్ళైనవాళ్ళే ఎక్కువ."

తడాలా నవ్వలేదు. నూనె వేళ్ళు గుడ్డకి తుడుచుకుంటూ నేరుగా అతని మొహంలోకి చూసింది. పెద్దల ద్వారా అడగలేదు.

"ఈస్టరుకి మా ఇంటికొచ్చి, నేను మాట్లాడుతుంటే గోడ చూస్తూ కూర్చున్నావు. పన్ను నొప్పన్నావు. అది కూడా ఇదేనా?"

"ఇదే."

"మా నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోనెత్తలేదు."

లింబికాని కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి. ఎస్నాత్ చూసింది, వాడు పారిపోతాడనుకుంది. పారిపోతే బాగుండునని కూడా అనుకుంది.

"అప్పుడూ ఇదే," అన్నాడు. "నువ్వేడుస్తావని భయమేసింది. ఏడిస్తే నాకేం మాట్లాడాలో తెలీదు. అందుకని ఎత్తలేదు. నువ్వొక్కదానివే ఉన్నావు. నేను దాంట్లో ఉన్నాను."

"తల్లీ తడాలా, నా కొడుకు మంచివాడమ్మా..." అని ఎస్నాత్ అందుకుంది.

"అత్తయ్యా, మీరు కాసేపు ఊరుకోండి. ఇన్నాళ్ళకి ఆయన మాట్లాడుతున్నారు." తడాలా మేనమామ వైపు తిరిగింది. "మామయ్యా, కోళ్ళు ఆపండి."

"తెంచేసుకుందామంటావా?"

"తెంచమన్నానా? ఆపమన్నాను. నాకు ఒళ్ళు మండిపోతోంది. కోపం పెట్టుకుని కోడిపెట్టని పట్టుకోలేను." మళ్ళీ లింబికాని వైపు చూసింది. "ఇది ఎప్పుడు తగ్గుతుందో నాకు తెలీదు. తగ్గకపోవచ్చు కూడా. నువ్వొచ్చి అడుగు. ఫోన్లో కాదు, మనిషివి రా."

"వస్తాను," అన్నాడు లింబికాని. "నువ్వు వద్దన్నా నీ మీద కోపం తెచ్చుకోను."

తడాలా లేచి, జడల మనిషి కాచుకునుందని లోపలికి వెళ్ళిపోయింది.

వైసన్ లింబే బస్సు ఎక్కేశాక తల్లీ కొడుకూ స్టేజి దగ్గర మిగిలారు. కండక్టర్లు అరుస్తున్నారు, మొక్కజొన్న కంకులు కాల్చేవాళ్ళ పొగ కళ్ళలోకి వస్తోంది. పిండి ఆడించేసిన సంగతి, గుడ్డ తీసేసిన సంగతి, శనివారం ఆగిందని ఎవరెవరికి ఏం చెప్పాలన్న సంగతి, అన్నీ ఒక్కసారే ఎస్నాత్ బుర్రలో తిరుగుతున్నాయి. ఏదో అందామని కొడుకు వైపు తిరిగింది.

వాడు ఏడుస్తున్నాడు. అంత జనంలో, మొహానికి చెయ్యయినా అడ్డం పెట్టుకోకుండా.

"భయంగా ఉందమ్మా," అన్నాడు. "ఆమె రానివ్వదేమో."

ఎస్నాత్ చెయ్యి తన నడుం గుడ్డ కొంగు మీదికి పోయింది, జనం చూడకుండా వాడి మొహం కప్పేద్దామని. 'రానిస్తుందిలే' అని నోటి చివరి దాకా వచ్చింది. అది తనకి తెలీదు. కొంగు వదిలేసి వాడి చెయ్యి పట్టుకుంది.

"నాకూ భయంగానే ఉందిరా," అంది.

బస్సొచ్చింది. కండక్టరు ఎక్కండెక్కండి అని తొందరపెట్టాడు. వాళ్ళు దాన్ని పోనిచ్చారు.