మట్టి కాని మఠాధిపతి

గంటకు బదులు కొట్టే చెక్కపలక మోగగానే లేవడం, చర్చిలో ప్రార్థన, ఆపైన చిక్కుడు గింజల పులుసూ రొట్టే, తర్వాత ద్రాక్షతోటలో పని. ఆ కొండమీది మఠంలో రోజులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. సోఫ్రోనీ సన్యాసికి మాత్రం ఏడాదికొక సొంత పండగ ఉండేది. ద్రాక్షకోతలు అవగానే పార భుజానేసుకుని, వైన్ కూజా చంకన పెట్టుకుని, సమాధి తవ్వడానికి బయల్దేరేవాడు.

మఠం కట్టింది బండమీద. మనిషిని పాతిపెట్టేంత మట్టి ఉన్నది చర్చి వెనక ఒక్కచోటే. అందుకని సమాధీ ఒక్కటే, వంతులవారీగా. పోయినవాడు మూడేళ్ళు అందులో ఉంటాడు. తర్వాత ఎముకలు తీసి, వైన్‌తో కడిగి, పుర్రె నుదుటిమీద పేరు రాసి నేలమాళిగలో అరమీద పెడతారు. ఎముకలు తేనెమైనంలా పచ్చగా వస్తే పుణ్యాత్ముడు. నల్లగా వస్తే అతని కోసం ఇంకాస్త ప్రార్థన. సమాధి ఖాళీ అయ్యాకే మఠంలో ఇంకొకరు చనిపోతారు. అందాకా చావు గేటు దాటి లోపలికి రాదు. దీన్నెవరూ వింతగా చెప్పుకునేవాళ్ళు కాదు. చోటు లేనప్పుడు ఎవరైనా ఎలా పోతారు?

ఇప్పుడా సమాధిలో ఉన్నది పాత మఠాధిపతి కలిస్త్రత్. ఆయన గడువు దాటి చాలా కాలమైంది గానీ మట్టి కావడం లేదు. ఎప్పుడు తవ్వినా అదే మొహం, అవే ఎర్రటి బుగ్గలు, కాస్త పెరిగిన గోళ్ళు. సోఫ్రోనీ తీరిగ్గా ఆ గోళ్ళు కత్తిరించి, మొహం వైన్‌తో తుడిచి, "ఇంకా ఇక్కడే ఉన్నారా తండ్రీ? ఉండండి, తొందరేముంది!" అని మళ్ళీ మట్టి కప్పేసేవాడు. ఆ పూట ఇంకో రొట్టె ముక్క అడిగి మరీ తినేవాడు.

ఆ మఠంలో ఎవరు పోయినా, మిగిలినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి శవం ముందు వంగి "నిన్ను క్షమించాను, నన్ను క్షమించు" అనాలి. ఏ ఒక్కరు ఆ మాట మింగేసినా మట్టి ఆ మనిషిని ముట్టుకోదు. కలిస్త్రత్ విషయంలో మింగింది ఎవరో అందరికీ తెలుసు. అనకపోతే నెట్టి అనిపించే నియమం లేదు. ఉత్త పెదవులమీంచి వచ్చిన క్షమాపణకు మట్టి ఎటూ మోసపోదు.

సోఫ్రోనీకి ఒక తమ్ముడుండేవాడు, విస్సారియోన్. చిన్నప్పుడే దిక్కులేనివాళ్ళై ఇద్దరూ ఒకేసారి మఠం చేరారు. ఈస్టర్‌కి ముందొచ్చే పెద్ద ఉపవాసంలో పాలు, జున్ను ముట్టకూడదు. ఒక ఏడు ఆ ఉపవాసం మొదలైన వారంలోనే విస్సారియోన్ దిండు కింద జున్ను ముక్క దొరికింది. నేను తినలేదు మొర్రో అని అతను కాళ్ళమీద పడ్డా కలిస్త్రత్ వినలేదు. బయట మంచు కురుస్తోంది. ఆయన చెయ్యెత్తి గేటు చూపించి, "పో! మఠం రొట్టెతో నీకు రుణం తీరింది" అన్నాడు. సోఫ్రోనీ అడ్డం పడబోతే గదిలో పెట్టి గొళ్ళెం వేయించాడు. మూడోరోజున గొర్రెలకాపర్లు కనుమలో శవాన్ని తవ్వితీశారు. మంచు కరిగాక పరుపుల గడ్డి మారుస్తుంటే విస్సారియోన్ పరుపులో ఎలుక గూడు బయటపడింది. గూడు నిండా జున్ను ముక్కలు. కలిస్త్రత్ అది చూసి, "నియమం నియమమే" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు. అంతకు మించి ఒక్క మాట, పోయేదాకా, ఆ నోట రాలేదు.

అందుకే సోఫ్రోనీ క్షమించలేదు. ఆ పగ అతనికి అన్నం పెట్టింది, నిద్ర పుచ్చింది. నన్నడిగితే, తప్పని అనలేను.

చిక్కల్లా దొసితేయ్ తాతతో వచ్చింది. అన్నదమ్ములు మఠానికొచ్చిన రోజున తన దుప్పటి చింపి ఇద్దరికీ చెరో సగం కప్పిన మనిషి. ఇప్పుడు మంచానపడి, ఒంటినిండా పుళ్ళతో, పక్కకి తిప్పితే కేకలు పెడుతున్నాడు. చావు రావాలి. వచ్చే దారి లేదు.

ఆ ఏడు ద్రాక్షకోతలయ్యాక సోఫ్రోనీ పుళ్ళకు నూనె రాస్తుంటే దొసితేయ్ అతని మణికట్టు పట్టుకున్నాడు.

"కళ్ళు పోయాయి, పళ్ళు పోయాయి. నేను తప్ప నాలో అన్నీ పోయాయిరా."

"అలా అనకు తాతా."

"మరెలా అనమంటావు? వాణ్ణి వదిలెయ్యరా. ఒక్క మాట."

"ఏదైనా అడుగు, ప్రాణమిస్తా. అదొక్కటీ అడక్కు. వాణ్ణి క్షమిస్తే పుర్రెమీద పేరు రాయించుకుని మఠాధిపతుల అరలో దర్జాగా కూర్చుంటాడు. నా తమ్ముడికి ఏ అరలో చోటిచ్చారు?"

ముసలాయన చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నీ పగ వాడిమీద కదరా," అన్నాడు చివరికి. "మధ్యలో నేనేం చేశాను?"

సోఫ్రోనీ గది బయటికొచ్చి గోడకి తల ఆనించి ఏడ్చాడు. క్షమించాలని మనసారా ప్రయత్నించాడు కూడా. కళ్ళు మూసుకుంటే గొళ్ళెం పడిన చప్పుడే వినిపించింది. ఇక లాభం లేదని పార తీసుకున్నాడు.

తెల్లారేసరికి తొలి మంచు పడుతోంది. కలిస్త్రత్‌ని మూటలా వీపున కట్టుకుని వస్తున్న సోఫ్రోనీని చూసి వంటశాల సన్యాసి నికానోర్ బిందె కింద పెట్టాడు.

"ఎక్కడికి?"

"బయటికి. ఆయన పంపినచోటికే."

నికానోర్ ఒకసారి దొసితేయ్ కిటికీ వైపు చూసి, వెళ్ళి గేటు తీశాడు.

కనుమలో, తమ్ముడు దొరికిన బండకే శవాన్ని ఆనించి కూర్చోబెట్టాడు సోఫ్రోనీ. ఏ చెయ్యి గేటు చూపించిందో ఆ చేతినే ఎత్తి, మోచేతి కింద రాళ్ళు పేర్చాడు. అక్కణ్ణుంచి మఠం పొగగొట్టం కనిపిస్తుంది. పొగ చూడటమే, వేడి అందదు. "మఠం రొట్టెతో నీకు రుణం తీరింది," అన్నాడు గట్టిగా. ఆ మాట అన్నాక కడుపు నిండినట్టయింది.

దిగొచ్చేసరికి దొసితేయ్ పోయాడు. "చోటు దొరికిందిరా అని నవ్వాడు, అంతే," అన్నాడు నికానోర్. సమాధి దగ్గర సోఫ్రోనీ క్షమాపణ మాట అందరికన్నా గట్టిగా అన్నాడు.

మంచు కరగగానే శత్రువు అవస్థ కళ్ళారా చూడాలని కొండెక్కాడు. కలిస్త్రత్ అలాగే ఉన్నాడు. ఎత్తిన చేతిలో మాత్రం లాంతరు వేలాడుతోంది. గొర్రెలకాపరి స్తోయ్నా దాని వత్తి సరిచేస్తోంది.

"దీపం ఎవరు పెట్టమన్నారు?" అని మండిపడ్డాడు సోఫ్రోనీ.

"ఎవరో పెట్టమనాలా తండ్రీ? ఈ చలికాలం కనుమలో ఒక్క ప్రాణం పోలేదు. మా ఆయన తుఫానులో చిక్కుకుని, ఈయన చెయ్యి చూపించిన దారినే మీ గేటు దాకా వచ్చి బతికాడు."

"వీడు మా తమ్ముణ్ణి ఇక్కడే చంపాడు!"

"నాకు తెలీకనా? మీ తమ్ముణ్ణి మంచులోంచి తవ్వింది మా మామే. అందుకేగా మేం ఈయన్ని పనికి పెట్టింది. ఊరికే కూర్చుంటే అదేం శిక్ష?"

సోఫ్రోనీ లాంతరులోకి తొంగి చూశాడు. "నూనె నేను తెస్తాలే" అన్నాడు.

ఏళ్ళు గడిచాయి. దొసితేయ్ ఎముకలు తేనెమైనంలా పచ్చగా వచ్చాయి. సోఫ్రోనీ నూనె మోస్తూనే ఉన్నాడు. ఒకరోజు చలిగాలి విసురుతుంటే ఏ ఆలోచనా లేకుండా తన శాలువా తీసి కలిస్త్రత్ భుజాలమీద కప్పాడు. మరుక్షణం ఆ ఎత్తిన చేతి చిటికెనవేలు పొడిపొడిగా రాలింది. లాంతరు ఒక పక్కకి ఒరిగింది.

కింద దారిలో ఎవరో పిల్లల్ని వెంటేసుకుని కనుమ ఎక్కుతున్నారు. సోఫ్రోనీ శాలువా లాగేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, అన్నీ గుర్తు తెచ్చుకున్నాడు: ఎలుక గూడు, గొళ్ళెం చప్పుడు, తమ్ముడి కాళ్ళకు గడ్డకట్టుకుపోయిన చెప్పులు. మిగిలిన వేళ్ళు బిగుసుకున్నాయి. లాంతరు నిలిచింది.

ఇప్పటికీ ఏటా ఉపవాసానికి ముందొచ్చే క్షమాపణల ఆదివారం, మఠంలో అందరూ ఒకరికొకరు వంగి క్షమించమని అడుక్కుంటుంటే, ముసలి సోఫ్రోనీ కర్ర పట్టుకుని కొండెక్కుతాడు. నూనె పోసి, వత్తి ఎగదోసి, ఆ మొహంలోకి చూస్తాడు. వెనకటి కోపం అంత తేలిగ్గా రాదు. వచ్చేదాకా కూర్చుంటాడు.

"నిన్ను క్షమించను," అంటాడు. "దీపం గట్టిగా పట్టుకో."