అమ్మకో గడి, అత్తకో గడి

ఇళ్ళ నమోదు ఆఫీసులో ఫారాలక్క పని పొద్దున తొమ్మిదిన్నరకి మొదలవుతుంది. సంచి కుర్చీకి తగిలించి, కళ్ళజోడు తుడుచుకుని, వచ్చిన ఫిర్యాదులు తెరుస్తుంది. ఫలానా గడిలో టిక్కు పడటం లేదు, ఫలానా జాబితా తెరుచుకోవడం లేదు, ఒకటి నొక్కితే ఇంకొకటి ఎగిరిపోతోంది. జనం నింపే ఆన్‌లైన్ ఫారాలు మొరాయిస్తే వాటిని దారికి తేవడం ఆమె ఉద్యోగం. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. అటెండరు నుంచి ఆఫీసరు దాకా అందరికీ ఆమె ఫారాలక్కే.

అక్కడి ఇళ్ళు ఫారం మాట వింటాయి. రెండు గదులని నొక్కితే రెండు గదులవుతాయి, కిటికీ తూర్పుకని నొక్కితే గోడ కాస్త సణిగి తూర్పుకి తెరుచుకుంటుంది. ఏడాదికోసారి నెల రోజుల గడువుంటుంది, అందులో ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఆఖరి రోజు ఐదింటికి ఫారం మూతపడిందంటే ఇక మళ్ళీ ఏడాది దాకా ఇల్లు కదలదు. ఫారంలో లేని మనిషికి ఆ ఇంట్లో మంచం ఉండదు, మంచినీళ్ళ గ్లాసు ఉండదు. చుట్టపుచూపుగా పగలు కూర్చోవచ్చుగానీ, పొద్దుగూకితే ఇల్లే మర్యాదగా గుమ్మం దాటించేస్తుంది. దీనికెవరూ ముక్కున వేలేసుకోరు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, ఇదీ అంతే.

ఆ రోజు ఆఖరి రోజు. మూడు గంటలవేళ బట్టలు కుట్టే ఆవిడ ఒకామె ఇద్దరు ముసలమ్మలని వెంటబెట్టుకుని వచ్చింది. మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"అక్కా, పొద్దుట్నుంచీ మతి పోతోంది. ఈవిడ మా అమ్మ, ఈవిడ మా అత్త. ఇద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. అమ్మని నొక్కితే అత్త మంచం మాయం, అత్తని నొక్కితే అమ్మ మంచం మాయం. నాలుగుసార్లు నింపాను. నాలుగుసార్లూ ఎవరో ఒకరికి మంచం లేదు!"

"మూడుసార్లు నాకే," అంది చేతికర్ర పట్టుకున్న అత్త. "వదినగారికి ఒక్కసారే."

"లెక్కలు మాత్రం బాగా గుర్తుంటాయి వదినగారికి," అంది సన్నగా, గాలికి ఎగిరిపోయేట్టున్న అమ్మ.

వియ్యపురాళ్ళిద్దరూ ఉప్పూ నిప్పూ అని చూడగానే తెలిసిపోయింది. బల్లకి చెరో చివర కూర్చున్నారు.

ఫారాలక్క పేజీ తెరిచింది. 'ఇంట్లో ఉండే పెద్దవాళ్ళు: అమ్మ, నాన్న, అత్త, మామ.' పక్కన నాలుగు గుండ్రటి బటన్లు. గుండ్రటివాటిలో ఒక్కదాన్నే ఎంచుకోగలం, రెండోది నొక్కితే మొదటిది వదిలేస్తుంది. ఎన్నయినా ఎంచుకోవాలంటే చదరపు గళ్ళుండాలి. మొన్నటిదాకా చదరపువే. "కాస్త కంటికి ఇంపుగా ఉండేట్టు చూడమ్మా" అని ఆఫీసరు అంటే, మొన్న సాయంత్రం పేజీలో ఉన్నవన్నీ గుండ్రంగా మార్చేసింది ఎవరో కాదు, తనే. ఇద్దరేసి పెద్దవాళ్ళున్న మిగతా ఇళ్ళవాళ్ళు మొదటి వారంలోనే నింపేసి హాయిగా ఉన్నారు. పెళ్ళిబట్టల హడావిడిలో మిగిలిపోయింది ఈవిడ ఒక్కతే.

"పది నిమిషాల పని," అని ఆమె ధైర్యం చెప్పింది.

బటన్లని మళ్ళీ గళ్ళు చేసింది. ఇక పరీక్షించాలి. పరీక్షల కోసమని ఆఫీసు వెనక సున్నా నంబరు ఇల్లొకటుంది, పాపం రోజూ ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ వారం ఆఫీసరు దాన్ని గోదాముగా నమోదు చేయించి పాత కాగితాలతో నింపేశాడు, అది ఏ మాటా వినడం లేదు. ఇంకో నంబరు కావాలి. ఆమెకి నోటికొచ్చిన ఇంటి నంబరు ఒక్కటే, తనది.

తన ఫారంలో పెద్దవాళ్ళ వరసలో పదకొండేళ్ళుగా ఒక్క టిక్కూ లేదు. అమ్మ చనిపోయిన ఏడు ఆ గడి ఖాళీ చేసింది, ఆ రాత్రికి రెండో మంచం లేదు. ఆమె ఆ వరస వైపు చూడకుండానే 'అమ్మ', 'అత్త' రెండూ టిక్కు పెట్టి పంపింది. ఎవరి అమ్మ అని గానీ, పెళ్ళే కాని మనిషికి అత్తేమిటని గానీ కంప్యూటరు అడగలేదు.

జవాబొచ్చింది. 'నమోదైంది: అత్త.'

అత్త ఒక్కతేనా? మళ్ళీ పంపింది. అత్తే. వరస మార్చి పంపింది. ఈసారి అమ్మే. ఆమె బుర్ర గోక్కుంది. తెర మీద రెండు టిక్కులూ నిక్షేపంగా ఉన్నాయి, అవతలికి వెళ్ళేది మాత్రం ఒక్కటి. నాలుగున్నరకి గానీ సంగతి బోధపడలేదు. సర్వర్ దగ్గర ఒక్క పేరు పట్టే చోటే ఉంది. మొదట వచ్చినదాన్ని తోసేసి, చివర వచ్చినది కూర్చుంటోంది. అదీ మొన్న తన చేత్తో చేసిన సింగారమే.

ఆమె మంచినీళ్ళకని లేస్తే అమ్మ వెనకే వచ్చింది.

"అమ్మాయ్, కుదరకపోతే నన్ను తీసెయ్. ఆవిడకి మోకాళ్ళు బాగోవు. ఏడాదిపాటు ఏ గడపని పట్టుకుని తిరుగుతుంది? ఈ మాట ఆవిడతో అనకు, నెత్తికెక్కుతుంది."

"మీరెక్కడికి వెళ్తారమ్మా?"

"నాకేం, ఎక్కడైనా ఇంత చోటు పడుతుంది," అంది ఆవిడ. ఆ చోటెక్కడో మాత్రం చెప్పలేదు. ఫారాలక్కకి ఏడుపొచ్చినంత పనైంది.

ఐదుకి పన్నెండు నిమిషాలుందనగా జవాబు మారింది. 'నమోదైంది: అమ్మ, అత్త.' ఆమె ఎగిరి గంతేసినంత పని చేసి కౌంటర్ దగ్గరికి పరిగెత్తింది. ఆఫీసులో బయటివాళ్ళ ఫారం అక్కడి కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది.

అక్కడ ఇంకా గుండ్రటి బటన్లే ఉన్నాయి.

"నా దగ్గర చదరంగా ఉన్నాయే!" అంది ఫారాలక్క తెల్లమొహం వేసి. పేజీ మళ్ళీ తెరిచింది. గుండ్రమే. మూసి తెరిచింది. గుండ్రమే. ఆ కంప్యూటరు పొద్దుట చూసిన పేజీని దాచుకుని దాన్నే పదేపదే చూపిస్తోంది. దాచుకున్నది తుడిచెయ్యమంటే తాళం మాట, అదే పాస్‌వర్డ్, అడిగింది. ఆ తాళం మాట తెలిసిన ఆఫీసరు నాలుగింటికే ఇంటికెళ్ళాడు. బట్టలు కుట్టే ఆవిడ కొలత టేపుని వేళ్ళకి చుడుతూ, విప్పుతూ నిలబడింది. ఫారంలో అప్పటికి ఉన్నది అమ్మ.

ఐదుకి ఒక్క నిమిషం. అమ్మ కూతుర్ని పక్కకి నెట్టి, ముందుకి వంగి, చూపుడువేలితో గట్టిగా 'అత్త' నొక్కేసింది.

"అమ్మా!"

గోడ గడియారం ఐదు కొట్టింది. ఫారం మూతపడింది.

ముందు అత్తకే అర్థమైంది. కర్ర నేలకేసి కొట్టింది. "ఎవరడిగారు వదినగారూ మిమ్మల్ని? జీవితాంతం దెప్పడానికి కాకపోతే!" అంటూనే కళ్ళు తుడుచుకుంది. కూతురు తల్లి భుజం మీద వాలిపోయి ఏడ్చింది.

ఫారాలక్క తల పట్టుకుని కూలబడింది. తప్పంతా తనదే. అప్పుడు గుర్తొచ్చింది, పరీక్షకని పెట్టిన టిక్కులు తీసెయ్యనేలేదు.

"అమ్మా," అంది. పదకొండేళ్ళ తర్వాత ఆ మాట కాస్త బొంగురుగా వచ్చింది. "మా ఇంట్లో... పొరపాటున... మీకు మంచం ఉంది."

"పొరపాటున మంచం ఎలా వస్తుందే?" అంది అమ్మ.

"రండి, దార్లో చెప్తాను."

దార్లో ఎంత చెప్పినా ఆవిడకి తలా తోకా తెలియలేదు. వెనకాల టకటకమని కర్ర చప్పుడు. అత్త, ఆవిడ చెయ్యి పట్టుకుని కోడలు.

"మీకక్కడ మంచం ఉందిగా, మీరెందుకు?" అంది అమ్మ.

"ఇక్కడా ఉందటగా! అక్కడ ఒక్కదాన్నీ కూర్చుని గోడతో పోట్లాడనా?"

"అత్తయ్యా, మీరు వారం నా దగ్గర, వారం ఇక్కడ," అంది కోడలు మెల్లగా. "నేను మాత్రం రోజూ వస్తాను."

అమ్మ చెయ్యి తగలగానే తలుపు తెరుచుకుంది. పొద్దున ఒక మంచం, ఒక గ్లాసు ఉన్న గదిలో మూడు మంచాలు, మూడు గ్లాసులు ఉన్నాయి. గోడకి, ఎవరూ చెప్పకుండానే, కర్ర తగిలించుకునే కొక్కెం ఒకటి వచ్చింది. ఫారాలక్క గుమ్మంలోనే చెప్పులు విప్పడం మర్చిపోయి నిలబడింది.

"కిటికీ పక్కది నాది," అంది అత్త. "నాకు ఉక్కపోస్తుంది."

"నాకు దగ్గు. గాలి తగలాలి."

ఇద్దరూ ఒక్కసారే ఇటు తిరిగారు. "నువ్వే చెప్పమ్మాయ్, ఎవరికి?"

ఫారాలక్క కిటికీ వంక చూసింది, మంచాల వంక చూసింది. చివరికి చీరకొంగు దోపుకుని, ఒక మంచాన్ని కిటికీకి ఇటువైపు, ఇంకోదాన్ని అటువైపు లాగింది. మధ్యలో ఇంకొకటి సరిగ్గా పట్టేంత చోటు మిగిలింది. తన మంచాన్ని అక్కడికి జరిపింది.