ఎడమ ముందు చక్రం

"బండి ఎడమకి లాగుతోందంటే లోపం నడిపేవాళ్ళ చేతుల్లోనే ఉంది," అని మూడు వారాలుగా నా కొడుకు ఒకటే పాట. అన్నం దగ్గర అదే, పక్కింటివాళ్ళ ముందు అదే, ఫోనులో బావమరిదితో పడీపడీ నవ్వుతూ అదే.

కోడలు లైసెన్సు తెచ్చుకుని ఆరు నెలలే అయింది. ఆసుపత్రిలో రక్తపరీక్షల ఉద్యోగం. పొద్దున్న ఆరింటికల్లా అక్కడుండాలి, ఆ వేళకి బస్సులుండవు. చేతిలోంచి కారు తాళం పోతే ఉద్యోగమూ పోయినట్టే.

"ఇవాళ మేస్త్రి తేలుస్తాడు. నీ నిర్వాకమేనని తేలిందా, తాళం నా చేతిలో పెట్టి ఇంట్లో కూర్చో," అన్నాడు వాడు షెడ్డు ముందు దిగుతూ.

"తేలకపోతే?" అంది కోడలు.

"తేలుతుంది."

మేస్త్రి ఎడమ ముందు టైరు లోపలివైపు చెయ్యిపెట్టి తడిమాడు. చెయ్యి మసిబొగ్గులా అయింది. "బయటికి క్రాపు బాగానే ఉంది, లోపలంతా అరిగి గుండే," అని నవ్వాడు. మా ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. కారుని పైకెక్కించి, చక్రాలకి కొలత పలకలు బిగించి, కంప్యూటర్ తెర వెలిగించాడు. నాకు చదువు అంతంతమాత్రమే కానీ ఎరుపు ఎరుపే కదా, ఎడమ ముందు చక్రం అంకెలన్నీ ఎర్రగా ఉన్నాయి.

"ఇది అలైన్‌మెంటుతో పోయేది కాదు. చక్రాన్ని పట్టుకునే ఈ ఇనప చెయ్యి వంగింది. ఫుట్‌పాత్ గట్టుకి కొట్టారు. పైగా స్టీరింగు ఎవరో ఊడదీసి, చూడ్డానికి తిన్నగా ఉండేట్టు మళ్ళీ బిగించారు. కొట్టింది ఎవరు? ఎంత స్పీడులో? చెప్తే లోపలి రాడ్డు కూడా విప్పాలో లేదో చూస్తాను."

"ఇంకెవరు? ఈవిడే!" అన్నాడు నా కొడుకు.

"ఓహో, నాకు స్టీరింగు ఊడదీయడం కూడా వచ్చన్నమాట. అది కూడా మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్పండి."

"నోరు ముయ్యి! ఎక్కడో గుద్దేసి గుట్టుగా సర్దించుకునుంటావు."

మూడు వారాల కిందటి ఆ గురువారం నాకు కళ్ళకి కట్టినట్టుంది. నన్ను కంటి డాక్టరుకి చూపించి వాడే తీసుకొస్తున్నాడు. ఒళ్ళోంచి ఫోను జారితే దానికోసం వంగాడు. మందుల షాపు మలుపులో దబ్బుమంది. నా కళ్ళజోడు ఎగిరి సీటు కింద పడింది. "అమ్మా, దానికి చెప్పకే, నన్ను బతకనివ్వదు," అన్నాడు, చిన్నప్పుడు గాజుగ్లాసు పగలగొట్టి నా కొంగు చాటుకి దూరినప్పటి గొంతుతోనే. తర్వాత టైర్ల కొట్టు దగ్గర ఆపి స్టీరింగు తిన్నగా చేయించాడు. ఆ గొంతుకి నేను ఎప్పుడూ లొంగిపోతాను. అప్పుడూ లొంగిపోయాను.

"రాడ్డు కూడా విప్పు నాయనా," అన్నాను మేస్త్రితో. "గట్టిగానే తగిలింది. నడిపింది వీడు. నేను వెనకే కూర్చున్నాను."

"నీకేమన్నా మతిపోయిందా అమ్మా?"

"పోతే బాగుండేది. ఆ రోజు నీ గళ్ళచొక్కాకి రెండో గుండీ లేదన్నది కూడా గుర్తుంది. సాయంత్రం కుట్టిందెవరురా?"

మేస్త్రి ఇంకేమీ అడక్కుండా పానా అందుకున్నాడు. విప్పిన రాడ్డుని మా ముందుకు తెచ్చి, వెంట్రుకంత పగులు గోటితో చూపించాడు. "ఇంకొన్నాళ్ళు నడిపుంటే రోడ్డు మీద చక్రం మడతపడేది."

కోడలు మొగుడి వైపు చూడనైనా చూడలేదు. నా వైపు తిరిగింది.

"మూడు వారాలత్తయ్యా. రోజూ ఐదున్నరకి గుమ్మంలో నిలబడి 'జాగ్రత్తగా వెళ్ళిరా' అనేవారు. తెలిసే అనేవారా?"

చక్రం ఊడిపోయేంత దెబ్బని నాకేం తెలుసు? కానీ దెబ్బ తగిలిన సంగతి తెలుసు.

మధ్యాహ్నం దాటాక, కొత్త భాగాలు బిగించి బండి దించారు. తాళం కోసం వాడు చెయ్యి చాచాడు. మేస్త్రి దాన్ని కోడలికిచ్చాడు. అది తన బ్యాగుని ముందు సీట్లో పెట్టింది. తల్లీకొడుకులం వెనక ఎక్కాం.

బండి తిన్నగా పోతోంది. మందుల షాపు మలుపు దగ్గర, "అమ్మాయీ," అన్నాను.

అద్దంలోకి కూడా చూడలేదు.

"రేపట్నుంచి పొద్దున్నే నాకోసం లేవకండి. తలుపు నేనే వేసుకుని వెళ్తాను."