హర్తాల్‌కు పెట్టిన పథ్యం

మానుకోట బజారులో టానిక్కులమ్మే రామచందర్ సేటూ, రేగొండ నుంచి బస్సెక్కి వచ్చి మరీ ఆకుపసరు నూరిన బ్రహ్మానందం వైద్యుడూ, మా పెద్దవంగర జగపతీ, ముగ్గురూ వినండి. హర్తాల్‌ను చంపుతున్నది దాని పొట్ట కింది గడ్డ కాదు. మీరు. మీతోపాటు నాలుగోవాడు కూడా ఉన్నాడు. వాడి పేరు ముత్యం, అంటే నేనే. నా వంతు వచ్చినప్పుడు నన్నూ తిడతాను, తొందరపడకండి.

హర్తాల్ మా కుక్క. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో జనగామ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద కూచున్ననాడు దొరికింది. లాఠీలు లేవగానే నాయకులు ఉరికారు, వాళ్ల వెనక మేమూ ఉరికాం. కళ్లు కూడా సరిగా తెరవని ఈ నల్ల ఆడకుక్కపిల్ల మాత్రం పట్టాల నడుమ అట్లాగే కూచుంది. జగపతి వెనక్కి పోయి దాన్ని అంగీలో వేసుకున్నాడు. అందుకే దొరికిపోయాడు. అతన్ని గుంజుకొద్దామని పోయి నేనూ దొరికాను. వ్యాను ఎక్కేముందు, మాకు సద్ది మోసుకొచ్చిన తన జీతగాడు యాకయ్య చేతిలో పిల్లను పెట్టాడు జగపతి. అవును, ఉద్యమానికి పోతూ సద్ది మోయడానికి జీతగాడిని తోలుకుపోయాం. అట్లాంటి ఉద్యమకారులం.

పదేళ్లు గడిచాయి. ఏ పార్టీని తిట్టి జైలుకు పోయాడో అదే పార్టీలో చేరి జగపతి సమితి మెంబరయ్యాడు. నేను పగలు బట్టలు కుడుతూ, తీరినప్పుడు గోడల మీద రాస్తూ మిగిలాను. మా ముగ్గురిలో గుణం మారనిది హర్తాల్ ఒక్కటే. ఇప్పటికీ ఖాకీ బట్ట కనబడితే, లోపల పోస్టుమ్యానున్నా సరే, వదలదు.

మొన్న ఎండాకాలం దాని పొట్ట కింద నిమ్మకాయంత గడ్డ కనబడింది. మృగశిర నాటికి బత్తాయంత అయింది. జగపతి జీపులో వేసుకొని మానుకోట పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. డాక్టరు గడ్డను తడిమి, ఊపిరి విని, ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇది క్యాన్సరు, లోపలికి పాకింది, కోస్తే బల్ల మీదే పోతుంది, కోయకపోతే రెండు మూడు నెలలుంటుంది అన్నాడు. నొప్పికి గోళీలిచ్చాడు. ఏది ఇష్టంగా తింటే అది పెట్టమన్నాడు.

జగపతి జీపెక్కి కూచొని, "మందు రాయమంటే తిండి రాస్తడేందిరా వీడు," అన్నాడు. గోళీల పొట్లాన్ని జీపు డబ్బాలో పడేశాడు. ఇవాళ్టికీ అక్కడే ఉంది.

జీపు నేరుగా రామచందర్ దుకాణం ముందు ఆగింది. సేటు చేపనూనె గోళీలు తీశాడు, రక్తం పట్టే టానిక్కు తీశాడు, లేహ్యం డబ్బా తీశాడు. ఇవి మనుషులవి కదా సేటూ అని నేనంటే, కుక్క విశ్వాసం గల జీవి, దానికి మనిషి కంటే తొందరగా పనిచేస్తాయి అన్నాడు. ఇవి తాగినన్నాళ్లు ఉప్పు, పులుపు పెట్టొద్దు, మందు విరిగిపోతుంది అని కూడా చెప్పాడు. జగపతి మొహంలో వెలుగొచ్చింది. పథ్యం ఉందంటే అది మందే.

సమితి మెంబరు కుక్కకు బాగాలేదని తెలిసి, అతనితో పనులున్నవాళ్లంతా పరామర్శకొచ్చారు. అందరూ ఒక్క పేరే చెప్పారు. అట్లా బ్రహ్మానందం దిగాడు. గడ్డకు పసరు కట్టు, లోపలికి కషాయం, నలభై ఒక్క రోజులు. నీసు ముట్టొద్దు. ఒక్క పూట తప్పినా లెక్క మళ్లీ మొదటి నుంచి. ఇంకోటి, మందు పోసే మనిషి కూడా పథ్యముండాలి అన్నాడు. మందు పోసేది యాకయ్య. కాబట్టి యాకయ్యకు కల్లు బంద్, నీసు కూర బంద్. జగపతి ఇంట్లో కోడికూర మాత్రం ఆగలేదు. మందు పోసే మనిషి అతను కాదు కదా.

ఇక నా వంతు. తాయెత్తులు కట్టేవాళ్లను, విబూది చల్లేవాళ్లను గోడల మీద తిట్టిన చెయ్యి నాది. కానీ హర్తాల్ లేవబోయి రెండుసార్లు కూలబడడం చూశాక, ఆ చెయ్యే బయ్యారం బస్సు కడ్డీ పట్టుకుంది. బయ్యారం ఎర్రరాయిలో ఇనుముంటుంది. ఇనుముతో రక్తం పడుతుంది, రక్తం పడితే గడ్డ కరుగుతుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నా బుర్రలో పుట్టింది. రాయి తెచ్చి, సాన మీద అరగదీసి, గడ్డకు పూయమన్నాను.

"దీని పథ్యమేంది?" అని జగపతి అడిగాడు.

ఏమీ లేదన్నాను. పక్కనే కూచున్న బ్రహ్మానందం మూతి పక్కకు పెట్టి నవ్వాడు. ఆ నవ్వు నాకు కాలింది. పథ్యం లేని మందును మా దిక్కు మందనరు, మట్టి అంటారు. నా రాయి అతని ఆకు కంటే తక్కువా అనిపించింది. నోటికొచ్చింది అనేశాను.

"పాలు బంద్."

పాలే ఎందుకన్నానంటే, అప్పటికి దానికి మిగిలినవి అవే.

ఆ రోజు నుంచి హర్తాల్‌కు ఉప్పు లేని జొన్న గంజి. వాసన చూసి మొహం తిప్పుకునేది. ఆకలి తట్టుకోలేనప్పుడు నాలుగు గతుకులు గతికేది. పక్కటెముకలు తేలాయి. ఒళ్లు తగ్గేకొద్దీ గడ్డ ఇంకా పెద్దగా కనబడింది. లోపలి విషం బయటికి తోస్తోంది, మంచి గుణం అన్నాడు బ్రహ్మానందం. జగపతి నమ్మాడు. నేను నమ్మలేదు, కానీ నోరు మూసుకున్నాను. నోరు తెరిస్తే నా రాయి సంగతి కూడా మాట్లాడాలి.

ముప్పై మూడో రోజు ఆదివారం. హర్తాల్‌ను ఉంచిన కొట్టానికి, జగపతి పొలం బావి దగ్గరికి పోయాను. యాకయ్య, హర్తాల్ ఒకే గంజి కుండకు అటొకరు ఇటొకరు కూచున్నారు. ఇద్దరిలో ఎవరూ తినడం లేదు. నన్ను చూసి హర్తాల్ లేచింది, ఈడ్చుకుంటూ వచ్చింది. ప్రేమ అనుకున్నాను. నా కొత్త చెప్పును నాకుతోంది. తోలు వాసనకు. నాకి నాకి అంచు కొరకబోయింది. పండ్లలో బలం లేదు, చెప్పు మీద పండ్ల గాటు కూడా పడలేదు.

"దానికి రోగమొక్కటే అన్నా," అన్నాడు యాకయ్య. "పథ్యాలు మూడు. అందుల ఒకటి నీది."

 అంగడికి పోయి మేక బొక్కలు తెచ్చాను. యాకయ్య ఉప్పేసి ఉడికించాడు. హర్తాల్ మొదట నమ్మలేదు, మా ఇద్దరి మొహాలు చూసింది. తర్వాత తిన్నది. ఆగి, ఊపిరి తీసుకొని, మళ్లీ తిన్నది. ఒక బొక్క యాకయ్య కూడా జుర్రాడు. ఆ తర్వాత హర్తాల్ ఎండలో పక్కకు ఒరిగి పడుకుంది. నిద్రలో వెనక్కాలు కొట్టుకుంటోంది. కలలో ఏ ఖాకీ నిక్కరు వెంట పడ్డదో.

జగపతి వచ్చింది అప్పుడే. కుండ చూశాడు, బొక్కలు చూశాడు.

"ముప్పై మూడు రోజుల పథ్యం గంగల కలిపిండ్రు," అన్నాడు. అరవలేదు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకొని, రేపు సోమవారం, రేపటి నుంచి మళ్లీ మొదటి రోజు అన్నాడు. కషాయం మళ్లీ కాయించాలన్నాడు.

యాకయ్య లేచి నిలబడి తలగుడ్డ తీశాడు. పదేళ్లలో అతను జగపతి పటేలుకు ఎదురు మాట్లాడింది నేను వినలేదు.

"పటేలా, అది ఇంక నలభై ఒక్క రోజులు ఉండదు. ఉన్నన్ని రోజులు తిననీయిండ్రి."

జగపతి యాకయ్య వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

"అది పోతే, మనం జైలుకు పోయినమంటే ఎవడు నమ్ముతడు ముత్యం?"

ఎవడూ నమ్మడు జగపతీ. నిన్ను చూసి అసలే నమ్మడు. మన జైలుకు సాక్ష్యం కావాలని ఒక ముసలి కుక్కను పస్తుంచుతావా. నేను ఇదే మాట అంటే, నన్ను బయటికి పంపి బావి గేటుకు తాళం వేయించావు. తాళం వేసింది యాకయ్యే, పాపం, తల వంచుకొని.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తున్నా, విను. ఆ మొదటి రోజు మొదలుపెట్టకు. రామచందర్ సీసాలు వెనక్కి పంపు. బ్రహ్మానందాన్ని రేగొండ బస్సెక్కించు. నా రాయి బావిలో పడెయ్యి. జీపు డబ్బాలోంచి నొప్పి గోళీలు తీసి యాకయ్య చేతికియ్యి. అతనికి కల్లు తాగే స్వేచ్ఛ కూడా ఇయ్యి, చచ్చేది కుక్క, అతను కాదు. ఉప్పు, పులుపు, నీసు, ఏది చూసి దాని తోక ఊగితే అది పెట్టు.

పాలు బంద్ చేసింది నేను. కాబట్టి పాలు నేనే తెస్తాను. రేపు పొద్దున చెంబుతో వస్తాను. తాళం తీయకుంటే గేటు ముందే కూచుంటాను, నా కూచునుడు సంగతి నీకు జనగామ నుంచి తెలుసు. పాలు విరగకముందే గేటు తియ్యి.